సిద్దప్ప చూపించిన బెంగుళూరు

సిద్దప్ప ఆర్టీసీ డ్రైవరుగా రిటైరై ఇంట్లో కూర్చున్న కొత్తల్లో, కుప్పం నుంచి కూతురు పావని ఫోన్ చేసింది. అప్పటికి పుంగనూరులో వాళ్ళ వీధి మొత్తానికి ఎదురింటివాళ్ళకొక్కరికే ఫోను. రాజమ్మ చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ పోయి అందుకుంది. మనవరాలి దగ్గు సంగతి, అల్లుడి బదిలీ సంగతి అయిపోయాక పావని అసలు మాట ఎత్తింది.

"నాయినకు ఇప్పుడు పనేం లేదు గదామ్మా. నిన్ను బెంగుళూరు తీసకపొమ్మను. మాకందరికీ ఆ ఊరి కతలు చెప్పి చెప్పి పెంచినాడు. నువ్వే దాన్ని ఇంతవరకు సూడకుండా ఉండావు."

అది నిజమే. బెంగుళూరు సర్వీసు మీద సిద్దప్ప ఇరవై ఏళ్ళకు పైగా బండి నడిపాడు. కోడి కూయకముందే పుంగనూరులో బయల్దేరి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పొద్దెక్కేసరికి బెంగుళూరు చేరేవాడు. మధ్యాహ్నం మళ్ళీ బండి తీసి చీకటి పడే వేళకు ఇల్లు చేరేవాడు. కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. ఈ పొద్దు ఏం సూసినావు నాయినా అని అడిగేవాళ్ళు. లాల్‌బాగ్ తోటలో గాజుతో కట్టిన ఇంటిని చూశానని ఒకనాడు చెప్పేవాడు. వాన పడేటప్పుడు దాంట్లో నిలబడితే నెత్తిమీద నీళ్ళు పారుతూ కనిపిస్తాయి గానీ ఒంటి మీద చుక్క పడదనేవాడు. అసెంబ్లీ ఉండే విధానసౌధ మెట్లెక్కి లోపలికి పోయానని, అక్కడి నేలలో మన మొహం మనకే కనిపిస్తుందని ఇంకోనాడు చెప్పేవాడు. వీధిలో పిల్లలు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. వంటింట్లో సంగటి కెలుకుతూ రాజమ్మ కూడా వినేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె చూసిన పెద్ద ఊళ్ళు తిరుపతి, చిత్తూరు. అంతకుమించి లేవు.

పోదామని అనుకున్నాక, మదనపల్లిలో ఉన్న సిద్దప్ప అక్క చిన్నమ్మకు ఆ సంగతి తెలిసింది. చిన్నమ్మ మొగుడు పోయాక టమాటా మార్కెట్టు పక్కన ఇడ్లీల అంగడి పెట్టి, ఇద్దరు కొడుకుల్ని చదివించిన మనిషి. నోరు కాస్త పదును. ముందురోజు సాయంత్రమే గుడ్డసంచి భుజాన వేసుకుని, కొత్త చెప్పులు తొడుక్కుని పుంగనూరులో దిగింది.

"నన్ను ఇడిసిపెట్టి పోదామనుకుంటిరా?" అంది గడపలోనే.

రాజమ్మకు లోపల ఎక్కడో చిన్నబోయినట్టయింది. మొగుడూ తనూ ఇద్దరే కలిసి ఒక ఊరు పోవడం ఇదే మొదటిసారి అవుతుందని ఆమె ఆశపడింది. పైకి మాత్రం "మంచిపని చేస్తివి వదినా" అని, చిత్రాన్నానికి ఇంకో రెండు దోసిళ్ళ బియ్యం ఎక్కువ పోసింది.

బెంగుళూరు బస్టాండులో ఉన్నంతసేపు సిద్దప్ప పెళ్ళికొడుకులా ఉన్నాడు. టీ అంగడివాడు లేచి నిలబడి పలకరించాడు. పత్రికలమ్మేవాడు నమస్కారం పెట్టాడు. ఊడ్చే ఆమె చీపురు ఆపి, "ఏనప్పా, రిటైర్ ఆదమేలె బందే ఇల్లా" అని నవ్వింది. రిటైరయ్యాక మళ్ళీ రానే లేదేమని ఎత్తిపొడుపు. సిద్దప్ప రాజమ్మ వైపు తిరిగి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు.

రోడ్డు కిందుగా ఉన్న దారి దాటి సిటీబస్సులు ఆగే చోటికి వచ్చేసరికి ఆ హుషారు కాస్త తగ్గింది. వరసలు వరసలుగా బస్సులు, వాటి చుట్టూ తోసుకుంటున్న జనం. లోతు తెలియని చెరువు గట్టున నిలబడినట్టు సిద్దప్ప ఒక నిమిషం ఆగాడు. ఆ తరువాత గట్టిగా, "ఇదే లాల్‌బాగ్ బండి. ఎక్కండి" అన్నాడు. ఆ ఊరి బస్సుల్లో ఆడవాళ్ళు ముందు తలుపులోంచి, మగవాళ్ళు వెనక తలుపులోంచి ఎక్కాలి. వదినా మరదళ్ళు ముందు ఎక్కారు. సిద్దప్ప వెనకెక్కడో జనంలో కలిసిపోయాడు.

రాజమ్మకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళు కాబట్టి, అంగళ్ళ మీది బోర్డులు కూడబలుక్కుంటూ చదవసాగింది. బట్టలంగడి, మందులంగడి, పూలంగడి. అన్నింటి కిందా ఒకటే పేరు మళ్ళీ మళ్ళీ వస్తోంది. మల్లేశ్వరం. ఆమె మనసులో ఏదో తేడాగా అనిపించింది. కండక్టరు రాగానే, "లాల్‌బాగ్ ఎప్పుడొస్తాది నాయనా?" అని అడిగింది.

"అయ్యో, ఇదు ఆ కడె హోగల్లమ్మా" అన్నాడతను. ఇది అటువైపు పోయే బండే కాదట.

ముగ్గురూ దిగారు. వెనక తలుపులోంచి సిద్దప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు.

"ఏరా, ఇదేనా నీ తోట?" అంది చిన్నమ్మ.

"తోట యాడికి పోతాది అక్కా. ముందు దేవుని దర్శనం చేసుకోని పోదామని ఈడికి తెచ్చినా" అన్నాడు సిద్దప్ప, ఎదురుగా కనిపిస్తున్న గుడి గోపురం వైపు చెయ్యి చూపిస్తూ.

చిన్నమ్మకు దేవుడంటే గురి. ఆ మాటకు శాంతించింది. శివుడి గుడి చల్లగా ఉంది. ప్రదక్షిణ చేసి, విభూతి పెట్టుకుని, ఒక స్తంభం పక్కన కాసేపు కూర్చుని బయటికొచ్చారు. రాజమ్మ చెప్పులున్నాయి, సిద్దప్ప చెప్పులున్నాయి. చిన్నమ్మ కొత్త చెప్పులు మాత్రం లేవు. గుడి చుట్టూ వెతికారు. పూలమ్మే ఆమెను అడిగారు. లాభం లేకపోయింది.

"దేవుని దగ్గర చెప్పులు పోతే మంచిది అక్కా. శని పోయినట్టే" అన్నాడు సిద్దప్ప.

"నా శని నాతోనే ఉండనీలేరా. నా చెప్పులు నాకు గావల్ల" అంది చిన్నమ్మ.

సిద్దప్ప తన చెప్పులు విప్పి అక్క ముందు పెట్టాడు. చిన్నమ్మ పాదాలకు అవి పడవల్లా ఉన్నాయి. వైశాఖం ఎండ. తారు అప్పటికే మెత్తబడుతోంది. సిద్దప్ప వట్టి కాళ్ళతో రోడ్డు దాటుతూ, నీడ ఉన్న చోటల్లా ఒక్క క్షణం ఆగుతుండడం రాజమ్మ గమనించింది.

ఇద్దరు ముగ్గురిని అడిగి విధానసౌధకు వెళ్ళే బస్సు ఎక్కారు. ఆ మేడ మాత్రం సిద్దప్ప చెప్పిన దానికంటే గొప్పగా ఉంది. తెల్లటి రాయి, బారెడు స్తంభాలు, ముందు పరుచుకున్న మెట్లు. పైన చెక్కిన అక్షరాలను రాజమ్మ చదువుకుంది. 'సర్కారద కెలస దేవర కెలస.' సర్కారు పని దేవుడి పని అన్నమాట. ఆమె తల ఎత్తి చూస్తూ ఉండగానే చిన్నమ్మ టపటపమని చెప్పులీడ్చుకుంటూ గేటు దగ్గరికి పోయి నిలబడింది. పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మా తమ్ముడు లోపలికి పోయొచ్చినాడు నాయనా. మేమూ ఒకతూరి సూసి వస్తాము" అంది చిన్నమ్మ.

ఆయనకు తెలుగు వచ్చు. "పాసు లేకుండా ఎవర్నీ విడవరమ్మా. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇంతే" అన్నాడు మర్యాదగానే.

చిన్నమ్మ వెనక్కి తిరిగింది. "ఏరా సిద్దప్పా? మెట్లెక్కినా, నేలలో మొగం సూసుకొంటి అని చెప్పింటివే?"

సిద్దప్ప తన పాదాలు చూసుకుంటున్నాడు. రాజమ్మ గబుక్కున కల్పించుకుంది.

"అప్పట్లో ఇడిసేవాళ్ళేమో వదినా. ఇప్పుడు రోజులు అట్ల లేవు గదా. రా, ఎండకు తల తిరుగుతాది."

ఎందుకలా అందో ఆమెకే తెలియలేదు. మొగుడి మొహంలో ఉన్నదేదో ఆమెకు నచ్చలేదు. బిడ్డల ముందు తండ్రిని ఎవరో నిలదీస్తున్నట్టు ఉంది.

లాల్‌బాగ్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు దగ్గర చిన్నమ్మ కొళాయి కింద మొహం కడుక్కుంటోంది. సిద్దప్ప నాలుగడుగులు పక్కకు పోయి, కీరకాయలు కోసి అమ్ముతున్న ఆమె ముందు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"అమ్మా, గాజిన మనె ఎల్లిదె?"

గాజు ఇల్లు ఎక్కడుందని. అతని వెనకే నడిచొచ్చిన రాజమ్మకు ఆ మాట స్పష్టంగా వినిపించింది.

ఆమెకు వెంటనే కోపం రాలేదు. బావిలో రాయి వేస్తే, అది నీళ్ళను తాకిన శబ్దం కోసం కాసేపు చెవి ఒగ్గుతాం చూడండి, అలాంటి నిశ్శబ్దమేదో ఆమె లోపల నిండింది. ఆ గాజింట్లో ఆమె ఎన్నిసార్లు నిలబడిందో. పొయ్యి ముందు కూర్చుని, నెత్తిన పారే వానను ఎన్నిసార్లు చూసుకుందో. ఆ ఇంటిని అతనే చూడలేదు. రాజమ్మ రెండడుగులు వెనక్కి వేసి, ఏమీ విననట్టు చిన్నమ్మ పక్కకొచ్చి నిలబడింది.

కీరకాయలామె చెప్పిన దారినే ముగ్గురూ నడిచారు. గాజిల్లు దూరం నుంచే కనిపించింది. ఇనుప కమ్ములు, గాజు పలకలు, పెద్ద పక్షి రెక్కలు విప్పి దిగినట్టుగా ఉంది. దగ్గరికి పోతే లోపల రంగులు వేస్తున్నారు. తాడు కట్టేసి ఉంది. ఈ వారం లోపలికి లేదన్నాడు కాపలా మనిషి. తాడు ఇవతల నిలబడి లోపలికి తొంగి చూస్తుండగా ఉరుము ఉరిమింది. పొద్దున్నుంచీ కాసిన ఎండ అంతా ఒక్కసారిగా వానై దిగింది. జనం తలో దిక్కూ పరిగెత్తారు. సిద్దప్ప రాజమ్మ చెయ్యి పట్టుకుని ఒక రాతి మంటపం కిందికి లాక్కుపోయాడు. మొహం తుడుచుకుని వెనక్కి చూస్తే చిన్నమ్మ లేదు.

"అక్కా" అని సిద్దప్ప వానలోకి కేక వేశాడు. తడుస్తూ పోయి ఆ దారి చివరిదాకా చూసి తిరిగొచ్చాడు. ఇంకో వైపు పోయి వచ్చాడు. ఎక్కడ చూసినా ఒకే రకం చెట్లు, ఒకే రకం దారులు. మంటపం కిందికొచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"రాజమ్మా, నాకీ ఊరు తెలీదు" అన్నాడు. "బస్టాండు దాటి నేనెప్పుడూ యాడికీ రాలేదు."

"తెలుసులే."

"ఎప్పుడు తెలిసింది?"

"కీరకాయలామెను దోవ అడిగితివే, అప్పుడు."

మంటపం అంచు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి.

"మరి అంతసేపు ఈ ఊర్లో ఏం చేస్తాంటివి?" అని అడిగింది రాజమ్మ.

"నిద్రపోతాంటి. బండి లోపలే, వెనక సీటు మీద తుండుగుడ్డ కప్పుకోని. కోడి కూయక ముందే లేసినోన్ని. మద్యాన్నం మళ్ళీ అంత దూరం తోలల్ల. ఎనకాల బండి నిండా మనుషులు కూసోనుంటారు. ఊరు సూసేదానికి పోతే నిద్ర పోతాది. నిద్ర లేకుండా తోలితే ఏమైతాదో నాకు తెలుసు. ఇంటికొస్తే పిల్లోల్లు అడిగేవాళ్ళు, ఏం సూసినావని. నిద్రపోతినని ఎన్నాళ్ళని చెప్పేది? కండక్టరు కుప్పుస్వామి ఊరంతా తిరిగొచ్చి నాకు చెప్పేవాడు. అవే చెప్పినా. ఒగనాడు చెప్పినాక ఇంక ఆపను కాలేదు."

"నాకన్నా చెప్పి ఉండచ్చు గదా."

"నువ్వూ వింటాంటివి గదా. నేను కత మొదలుపెడ్తే వంటింట్లో గరిటె శబ్దం ఆగిపోయేది."

రాజమ్మ అటు తిరిగి, తడిసిన కొంగు పిండింది. ఇన్నేళ్ళలో అతని బండి కింద ఒక్క ప్రాణి పడలేదని, ఎవరికీ చిన్న దెబ్బ తగలలేదని డిపోలో అందరూ చెప్పుకునేవాళ్ళు. ఆ సంగతిని మాత్రం సిద్దప్ప ఏనాడూ కథగా చెప్పలేదు.

"సరే, వాన తగ్గుతాండాది. ముందు వదినను ఎతుకుదాం పా" అంది.

ఈసారి రాజమ్మ ముందు నడిచింది. కనిపించినవాళ్ళనల్లా అడిగింది. పెద్ద చెప్పులు వేసుకున్న ముసలమ్మ అంటే ఒక జామకాయలతను నవ్వి, తోటపనివాళ్ళ రేకుల షెడ్డు వైపు చూపించాడు. దగ్గరికి పోతుండగానే చిన్నమ్మ గొంతు వినిపించింది. కలుపు తీసే ఆడవాళ్ళ మధ్య ఆమె బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. సంచిలోని చిత్రాన్నం అందరికీ పంచేసింది. వాళ్ళలో ఒకామెది మదనపల్లికి దగ్గరి పెద్దతిప్పసముద్రం పక్క పల్లె అట.

"మా తమ్ముడు ఈ ఊరికి ఇరవై ఏండ్లు బస్సు తోలినాడు" అని చెబుతోంది చిన్నమ్మ. "వానికి తెలీని సందు ఈడ లేదు. తప్పిపోతినని నాకేం బయం లేదు. వాడే ఎతుక్కుంటా వస్తాడు సూడండి."

సిద్దప్ప షెడ్డు గుమ్మంలో ఆగిపోయాడు. రాజమ్మ అతని మోచేతిని తాకింది. చెప్పక్కర్లేదు, నేను చూసుకుంటాను అన్నట్టు. అయినా సిద్దప్ప లోపలికి పోయి అక్క ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

"అక్కా, నాకీ ఊర్లో బస్టాండు తప్ప ఏమీ తెలీదు. నేను చెప్పిన కతలన్నీ ఎవరో చెప్పినవి."

చిన్నమ్మ నోటిదాకా తీసుకుపోయిన ముద్దను ఆపింది.

"గాజింట్లో వానకు నిలబడింది ఎవురు?"

"కుప్పుస్వామి."

"విధానసౌధ మెట్లు?"

"అదీ వాడే. వాడన్నా ఎక్కినాడో లేదో."

తోటపని ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నమ్మ ముద్దను ఆకులో పెట్టేసింది.

"నేను అంగడికొచ్చినోళ్ళకంతా చెప్పినాను గదరా. బెంగుళూరు నుంచి టమాటాలకొచ్చే లారీ డ్రైవర్లకు గూడా చెప్పినా. వాళ్ళదే ఈ ఊరు. నన్ను సూసి ఎంత నవ్వుకొనింటారో."

చిన్నమ్మ సిద్దప్పను తిట్టబోతోందనే రాజమ్మ అనుకుంది. కానీ ఆమె చూపు తమ్ముడి కాళ్ళ మీద పడి అక్కడే ఆగింది. అరికాళ్ళ అంచున ఎర్రగా బొబ్బలెక్కి ఉన్నాయి. బురద అంటి ఒకచోట తోలు లేచింది.

"అదేందిరా ఆ కాళ్ళు?"

"ఏం కాలేదులే."

"ఏం కాలేదంట." చిన్నమ్మ వంగి, తన కాళ్ళకున్న అతని చెప్పులు విప్పి ముందుకు తోసింది. "ఏసుకో. పొద్దున్నించి నన్ను అడగను నోరు రాలేదా నీకు? నేను మార్కెట్టులో ముప్పై ఏండ్లు వట్టికాళ్ళతో తిరిగినదాన్ని. నాకేం అవుతాది?"

సిద్దప్ప కాదనబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. పెద్దతిప్పసముద్రం ఆమె లేచిపోయి ఎక్కడినుంచో ఒక పాత జత తెచ్చి చిన్నమ్మ ముందు పెట్టింది. అవి ఆమెకు సరిగ్గా పట్టాయి.

"మా నాయన గూడా ఇట్లనే చెప్పేవాడు కతలు" అంది చిన్నమ్మ లేస్తూ, ఎవరితోనూ కాకుండా. "మైసూరు మారాజుతో కూసోని అన్నం తింటినని చెప్పేవాడు. మా యమ్మ నమ్మేది."

వాన వెలిసింది. తిరుగు బస్సుకు ఇంకా పొద్దుంది. ఇంక నువ్వేమీ చూపించొద్దు, ముగ్గురం కలిసి చూద్దామని రాజమ్మ అంది. తోటలోనే ఒక రాతిగుట్ట ఉందని, ఊరు కనిపిస్తుందని ఆ ఆడవాళ్ళు చెబితే అక్కడికి నడిచారు. తడిసిన బండ జారుతుంటే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కారు. పైకి చేరాక ఊరంతా కనిపించింది. వాన కడిగిన మేడలు, మధ్య మధ్య చెట్లు, దూరాన పొగమంచులా ఏదో.

"దీనికంటే పెద్ద గుండ్లు మన మదనపల్లి దోవలో ఎన్ని లేవు" అంది చిన్నమ్మ. అంటూనే కొంగు పరుచుకుని బండ మీద కూర్చుంది. లేపితే గానీ లేవలేదు.

సిద్దప్ప ఊరి వైపు చూస్తూ నిలబడ్డాడు. బస్టాండు ఎటువైపు ఉంటుందని రాజమ్మ అడిగితే, కాస్త ఆలోచించి, తెలీదన్నాడు. ఆ మాట చెప్పినాక అతని భుజాలు కిందికి దిగినట్టు అనిపించింది ఆమెకు. ఇద్దరూ ఆ పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలను అడిగి తెలుసుకున్నారు.

తిరుగు బస్సు డ్రైవరు సిద్దప్ప దగ్గర పని నేర్చుకున్నవాడే. ముందు సీట్లు ఇప్పించాడు. చిన్నమ్మ హోసకోటె దాటకముందే నిద్రపోయింది. సిద్దప్ప మొదట్లో ప్రతి మలుపుకూ కుడికాలు నేలకేసి తొక్కుతూ కూర్చున్నాడు. కోలారు దగ్గరికొచ్చాక కిటికీలోంచి బయటికి చూసి, ఒక్కసారిగా నిటారుగా కూర్చున్నాడు.

"రాజమ్మా, ఆడ సూడు. చెరువు. ఎంత పెద్దదుండాదో."

"ముందు సూడలేదా?"

"యాడ సూసేది? నా కండ్లు రోడ్డు మీద ఉంటాండె గదా."

పొద్దు గూకుతోంది. చెరువు నీళ్ళ మీద కొంగలు బారుగా పోతున్నాయి. అవి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ చూశారు. ఆ తరువాత చీకటి పడేదాకా సిద్దప్ప కిటికీ వదల్లేదు. చింతతోపులు, ఇటుక బట్టీలు, గుట్ట మీద చిన్న గుడి, దారి పక్కన బావి దగ్గర గొర్రెలు. కనిపించినవన్నీ ఆమెకు వేలుపెట్టి చూపిస్తూ వచ్చాడు. రాజమ్మ అతని భుజం మీదుగా వంగి ప్రతిదీ చూసింది.

పుంగనూరు వచ్చింది. ఆ బస్సు మదనపల్లి దాకా పోతుంది. చిన్నమ్మ అలాగే కూర్చుంటుందని అనుకున్నారు. ఆమె మాత్రం సంచి తీసుకుని వాళ్ళ వెనకే దిగింది.

"ఈ రాత్రి ఈడే పడుకుంటాలే. రేపు పోతా" అంది. రాజమ్మ ఆమె చేతిలో సంచి అందుకుంది. ఈసారి ఆమె మనసులో ఏ వెలితీ లేదు.

ఇంటికొచ్చి దీపం వేసేసరికి, పావని మళ్ళీ ఫోన్ చేసిందని, లైన్లో ఉందని ఎదురింటివాళ్ళు కేకేశారు. సిద్దప్పే పోయి మాట్లాడాడు. గుమ్మంలో నిలబడ్డ రాజమ్మకు అతని మాటలు కొన్ని వినిపించాయి.

"సూసినాములే అమ్మా. వచ్చే నెల మీ ఊరొస్తాము. ఆడినుంచి అందరం కలిసి రైల్లో మళ్ళా బెంగుళూరు పోదాం. యాడేముండాదో నాకు సరిగ్గా తెలీదు. అడుక్కుంటా పోదాం."

రాజమ్మ పొయ్యి ముట్టించి ఎసరు పెట్టింది. చిన్నమ్మ అరుగు మీద కాళ్ళు చాపుకుని, ఎదురింటి ఆమెకు రాతిగుట్ట ఎంత ఎత్తుందో అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది.